తేట నీళ్లు లోతును దాస్తాయి!

శ్రావణ మాసంలో పి.గన్నవరం అక్విడెక్టు మీద నిలబడి కిందకు చూస్తే వైనతేయ గోదావరి ఎర్రటి వరదతో పరవళ్లు తొక్కుతుంటుంది. చెయ్యి ముంచితే వేళ్లు కనబడవు. అదే గోదావరి కార్తీకం దాటాక నెమ్మదిస్తుంది. మన్ను అడుక్కి దిగి నీళ్లు తేటబడతాయి. బురద నీళ్ల బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపినా, పటిక తిప్పినా కాసేపటికి జరిగేది ఇదే కదా!

నీళ్లు ఎంత తేటగా ఉంటే చూపు అంత దూరం పోతుంది. వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగేవాళ్లు, అంటే స్కూబా డైవింగ్ చేసేవాళ్లు, మొదట అడిగేది ఈ సంగతే. ఇప్పుడు మన విశాఖ రుషికొండ దగ్గర కూడా ఈ డైవింగ్ నేర్పుతున్నారు. నదులు తెచ్చే మన్ను కలిసే మన తీరంలో కన్నా అండమాన్ దీవుల దగ్గర నీళ్లు చాలా తేటగా ఉంటాయి. న్యూజిలాండ్‌లో బ్లూ లేక్ అనే సరస్సు ఉంది. 2011లో శాస్త్రజ్ఞులు కొలిస్తే అందులో చూపు 70, 80 మీటర్ల దాకా పోయిందట! అక్కడి మావోరీలకు అది పవిత్రమైనది. అందుకే అందులో మునగవద్దంటారు.

అంత తేట నీళ్లలో దిగితే ఎంత హాయి అనుకుంటున్నారా? హాయే, కానీ అక్కడే ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. అడుగున ఉన్న రాయి చేతికందేట్టు కనిపిస్తుంది. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ తెలియకుండానే లోతుకు పోతారు. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలవుతుంది, సిలిండర్లో గాలి కూడా రెండింతలు ఖర్చవుతుంది. అందుకే వాళ్లు కంటిని నమ్మరు. లోతు చూపించే పరికరాన్ని చేతికి కట్టుకుని దాన్నే నమ్ముతారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు 18 మీటర్లు దాటవద్దని నియమం.

ఈ మోసం మీ వంటింట్లోనే చూడొచ్చు. ఒక గిన్నెలో రూపాయి బిళ్ల వేసి, అది అంచు చాటున కనబడకుండా పోయేదాకా వెనక్కి జరగండి. పక్కవాళ్లను మెల్లగా నీళ్లు పోయమనండి. బిళ్ల పైకి తేలినట్టు మళ్లీ కనిపిస్తుంది! నీళ్లలోంచి బయటకు వచ్చేటప్పుడు వెలుతురు వంగడమే కారణం. పిల్లలకు తప్పకుండా చూపించండి.

ఎందుకంటారా? పైనుంచి చూస్తే ఎనిమిదడుగుల లోతు ఆరడుగుల్లా కనిపిస్తుంది. ఒడ్డున నిలబడి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. ఎర్రనీరు చూస్తే పిల్లలే భయపడతారు. ఎండాకాలం సెలవుల్లో ఇసుక మెరిసే తేట రేవును చూస్తే "నడుం లోతేగా అమ్మా!" అంటారు. ఆ మాట నమ్మకండి. తెలిసిన పెద్దవాళ్లు గెడ వేసి లోతు చూశాకే దిగనివ్వండి. కాలవైనా చెరువైనా ఇంతే.

ఎవరైనా మునుగుతుంటే ఈతరాని మీరు దూకవద్దు. కేకలు వేస్తూ గెడ అందించండి, లేదా చీర ఒక కొస పట్టుకుని రెండోది విసరండి. మూత గట్టిగా బిగించిన ఖాళీ డబ్బాకు తాడు కట్టి రేవు దగ్గర ఉంచితే, పట్టుకుని తేలడానికి పనికొస్తుంది. బయటకు తీశాక పొట్ట నొక్కుతూ కూర్చోకండి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊదాలి. ఒకరు ఆ పనిలో ఉండగా ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి.

ఇంకో మాట. తేటపడిన నీళ్లన్నీ మంచినీళ్లు కావు. చిల్లగింజ, పటిక మన్నును దింపుతాయే గాని రోగక్రిములన్నిటినీ చంపవు. అందుకే తేరిన నీళ్లను కూడా వడగట్టి, తెర్లేదాకా కాచి, చల్లార్చి తాగండి.