మనసు జబ్బుకూ మందుంది

కర్నూలు, కడప జిల్లాల్లోని మన ఇళ్లలో ఒంటికి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. అదే ఇంట్లో పిల్ల నిద్రపోక, అన్నం ముట్టక, గోడకేసి చూస్తూ కూర్చుంటే 'ఊపరీ అసర్' అంటాం. తావీజు కడతాం, ఆమిల్ సాబ్‌ను పిలుస్తాం. సంబంధాలు రావేమోనన్న భయంతో బయట నోరు విప్పం.

ఈ భయం పోగొట్టడానికి పాటుపడిన తెలుగువారిలో డాక్టర్ బి.వి. పట్టాభిరామ్ ఒకరు. తూర్పు గోదావరి జిల్లాకు చెందిన ఆయన హైదరాబాదులో ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం చేస్తూ ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకున్నారు. తన విద్యలో మహిమ ఏమీ లేదని, చేతబడి వంటివి మూఢనమ్మకాలని జనానికి విప్పి చెప్పారు. తర్వాత హిప్నాటిజం నేర్చి, మనస్తత్వ శాస్త్రం చదివి, కౌన్సెలింగ్ చేపట్టారు. తన గదికి రాలేనివారి కోసం కలం పట్టారు. 'కష్టపడి చదవొద్దు, ఇష్టపడి చదవండి' వంటి పుస్తకాలు సామాన్యుల భాషలో ఇంటింటికీ చేరాయి. 2025 జూన్ 30న ఆయన కన్నుమూశారు.

ఆయన మన మతస్థుడు కాదు కదా అని కొందరు అనవచ్చు. మంచి మాట ఎక్కడున్నా అందుకోవడమే మోమిన్ లక్షణం. పైగా ఈ విద్య మనకు కొత్తది కాదు. బల్ఖ్ నగరానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ (850-934) దేహ ఆరోగ్యంతోపాటు మనసు ఆరోగ్యం గురించీ వెయ్యేళ్ల క్రితమే గ్రంథం రాశారు. దిగులు పడటం ఈమాన్ లోపమూ కాదు. కుమారుడు యూసుఫ్ (అలైహిస్సలాం) కోసం దుఃఖించి దుఃఖించి యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) కళ్లు తెల్లబడ్డాయని ఖుర్‌ఆన్ చెబుతోంది.

జిన్నుల ఉనికిని మేము కాదనడం లేదు. అయితే ప్రతి దిగులుకూ జిన్నే కారణమని ఖుర్‌ఆన్ ఎక్కడా చెప్పలేదు. చికిత్స చేయించుకోమని, మందు లేని జబ్బును అల్లాహ్ దించలేదని దైవప్రవక్త (స) బోధించారు. దువా చేద్దాం, దవా కూడా వాడదాం.

ఈ మాట మరిచినందుకు ఎంత మూల్యం చెల్లించామో చూడండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చిన మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రయానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది బలయ్యారు. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

సోదర సోదరీమణులారా! పుస్తకం ధైర్యమిస్తుంది గానీ ముదిరిన జబ్బుకు వైద్యుడే కావాలి. కర్నూలు, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా చెబుతారు. బిడ్డ మనసు నలిగితే దాచకండి, కసురుకోకండి. ముందు పక్కన కూర్చుని వినండి. అల్లాహ్ మన ఇళ్లకు షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.