నష్టమునకు సాక్ష్యము

వాననీరు గడప దాటి లోనికి వచ్చి తీసిపోయిన మరునాడు మన యిండ్లలో మొట్టమొదట జరుగు పని యిల్లు కడుగుట. బురద యెత్తి పారబోయుదురు. తడిసిన పరుపులను వీధిలోనికి లాగుదురు. నానిన పుస్తకములను, ఉబ్బిన చెక్కసామానును చెత్తబండి కెక్కింతురు. గోడలమీది మరకలను తుడిచి, పసుపునీళ్లు చల్లి, దీపము పెట్టి, ఆపద గడచెనని నిట్టూర్చుదురు. ఈ శుచిత్వము మన సంస్కారములోనిది. దానిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. కాని యా యింటికి బీమా యున్నపక్షమున, గృహస్థునకు న్యాయముగా రావలసిన పరిహారమునకు ఆధారమైన సాక్ష్యమంతయు ఆ యొక్క పూట కడుగుటలోనే కొట్టుకొనిపోవుచున్నదని చెప్పక తప్పదు.

హైదరాబాదు నగరమున ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతముల వారికి ఈ మాట మఱింతగా వర్తించును. ఆరవ నిజాము మహబూబు అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిద్ అంగడి పేర వెలసిన కూడలి చుట్టును, 1907లో వెలసిన నాంపల్లి రైలుస్టేషను చుట్టును, సున్నపుగోడల పాతయిండ్లు, సెల్లారులు గల కొత్త అపార్టుమెంట్లు, క్రింద దుకాణమును పైన కాపురమును గల కట్టడములు ఒకదానినొకటి ఆనుకొని యున్నవి. ఒకచోట పుట్టిన ఆపద పొరుగువానిని విడువదు. 2023 నవంబరు 13వ తేదీన నాంపల్లి బజారుఘాటులోని యొక కట్టడమున, క్రింది యంతస్తులో నిలువచేసిన రసాయనముల పీపాలు అంటుకొనగా, పైయంతస్తులలోనివారు కనీసము తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిరి. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లి ఎగ్జిబిషను మైదానములో నుమాయిష్ ప్రదర్శనలోని దుకాణములు తగులబడి వర్తకుల సరకు బూడిదయ్యెను. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు బేగంపేటలో 24 గంటలలో సుమారు 19 సెంటీమీటర్ల వర్షము నమోదు కాగా, నగరమున వేలకొలది యిండ్లలోనికి నీరు చొచ్చెను.

నష్టమును కొలిచి వ్రాసిపెట్టుట యెంత మేలు చేయునో తెలుపుటకు ఈ నగరచరిత్రలోనే గొప్ప నిదర్శనము గలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి సుమారు 15,000 మందిని పొట్టనబెట్టుకొన్న పిమ్మట, నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. ఆయన తొలుత చేసినది ఆనకట్ట గీయుట కాదు, లెక్క కట్టుట. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెననియు, నదికి ఎగువనున్న 788 చెఱువులలో 221 తెగిపోయెననియు, ప్రవాహము సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల వఱకు పెరిగెననియు తేల్చి, ఆ లెక్కలమీదనే తన సూచనలను నిలిపెను. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు ఆ పరిశీలన ఫలములే. దుఃఖించినంతమాత్రమున నగరమునకు రక్షణ కలుగలేదు. కొలిచి వ్రాసినందున కలిగెను. నగరమునకు చెల్లిన ఈ న్యాయమే యొక్కొక్క యింటికిని చెల్లును.

2021 ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశములో సాధారణ బీమా సంస్థలన్నియు ఒకే నమూనాలో అమ్మవలసిన గృహబీమా ‘భారత్ గృహరక్ష’ అను పేర అమలులో నున్నది. అగ్ని, పిడుగు, భూకంపము, తుపాను, వరద, కొండచరియ విరుగుట, అల్లరిమూకల విధ్వంసము, నీటితొట్టి లేక గొట్టములు పగిలి నీరు పొర్లుట మున్నగువానికి అది వర్తించును. ఇట్టి యాపద పిమ్మట 7 దినములలోపల జరిగిన దొంగతనము సైతము దానిలో చేరియున్నది. కట్టడమునకు వేయవలసిన విలువ తిరిగి కట్టుటకగు వ్యయమే గాని, స్థలముతో కూడిన అంగడి ధర కాదు. ఇంటిసామానునకు, వేరుగ పట్టిక యీయకున్నను, కట్టడపు బీమా మొత్తములో 20 శాతము, గరిష్ఠముగా 10 లక్షల రూపాయల వఱకు, రక్షణ కలుగును. నగలు మొదలగు విలువైన వస్తువులకు మాత్రము ప్రత్యేకముగా కోరి చేర్పించుకొనవలెను. అద్దెకున్నవారు తమ సామానునకు మాత్రమే బీమా తీసికొనవచ్చును. ఈ సంగతి నాంపల్లి గదులలో నివసించు చిన్నయుద్యోగులు చాలమంది యెఱుగరు. క్రింద దుకాణమున్నవారు మఱియొక విషయము గుర్తుంచుకొనవలెను: దుకాణపు సరకు గృహబీమా క్రిందికి రాదు, దానికి వేఱు పాలసీ కావలెను.

సాక్ష్యము కూర్చుటకు తగిన కాలము ఆపద రాకముందే. తలుపు తెఱచిన చోటనుండి కుడిప్రక్కగా గోడవెంట నడచుచు ప్రతిగదిని సెల్‌ఫోనులో వీడియో తీయవలెను. బీరువాలను, అటకలను తెఱచి చూపవలెను. ఫ్రిజ్, టీవీ, వాషింగు మెషీను, ఇన్వర్టరు వెనుకనుండు నమూనా సంఖ్య చదువుటకు వీలుగా దగ్గఱనుండి ఫోటో తీయవలెను. గోడలను, పైకప్పును కూడ చిత్రించుట మఱవరాదు. పాతయిండ్లలో దీని ప్రయోజనము ప్రత్యేకమైనది. కాలక్రమమున కలుగు అరుగుదలకు, నెమ్మదిగా ఊరు చెమ్మకు బీమా పరిహార మీయదు. కావున ఈ పగులు వరదకు ముందు లేదని చూపగల ఫోటో లేనియెడల, కొత్తనష్టము పాతశిథిలతగా లెక్కింపబడుట సంభవించును. కొనుగోలు బిల్లులను, ఆస్తి పన్ను రసీదును, పాలసీ ప్రతిని ఫోటో తీసి, ఆ యింటిలో కాక వేఱొక యూరనున్న బంధువునకు పంపి యుంచవలెను. ఏలయన, సామానును కాల్చిన అగ్నియే దాని జాబితాను సైతము కాల్చును.

ఇక ఆపద సంభవించిన దినమున మొదట చూడవలసినది మనుష్యుల క్షేమము. విద్యుత్తు నిలిపివేయనిదే తడిగదిలో అడుగిడరాదు; కాలిన కట్టడములోనికి అగ్నిమాపకశాఖవారు అనుమతించువఱకు ప్రవేశింపరాదు. పిమ్మట బీమాసంస్థకు వెంటనే తెలియజేసి, క్లెయిముసంఖ్య వ్రాసికొనవలెను. భారత్ గృహరక్ష నియమముల ననుసరించి క్లెయిముపత్రమును, నష్టమును తొలుత గమనించిన దినము మొదలు 30 దినములలో సమర్పింపవలెను. అగ్నిప్రమాదమైనచో అగ్నిమాపకశాఖ నివేదిక, దొంగతనమైనను అల్లరి యైనను పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. అవసరములు. వరదకు ఆ దినపు వర్షపాతపు లెక్క గట్టిసాక్ష్యము. వాతావరణశాఖవారి అంకెలే కాక, రాష్ట్ర ప్రణాళికాసంఘము నగరమున నిలిపిన స్వయంచాలక వర్షమాపకముల అంకెలును లభించుచున్నవి.

చీపురు పట్టుటకు ముందు సెల్‌ఫోను పట్టవలెను. మొదట వీధినుండి యిల్లంతయు కనబడునట్లును, తరువాత ఒక్కొక్క గది మొత్తముగాను, అటుపై ఒక్కొక్క వస్తువు దగ్గఱగాను, ఈ వరుసలో ఫోటోలు తీసినయెడల, చూచువానికి ఏ వస్తువు ఏ గదిలోనిదో సందేహము కలుగదు. గోడమీద నీరు నిలిచిన గీతయే వరదకు ముఖ్యసాక్షి. ఆ గీతప్రక్కన కొలతటేపు నిలిపి ఫోటో తీయుట రెండు నిమిషముల పని, కాని అది పలుకు మాట నెవ్వరును కాదనజాలరు. వస్తువు పేరు, కొన్న సంవత్సరము, వెల, కలిగిన హాని నాలుగు గడులుగా నొక కాగితముమీద వ్రాయవలెను. పాడైనవానిని బీమాసంస్థ పంపు సర్వేయరు చూచువఱకు పారవేయరాదు. దుర్వాసనచేత ఉంచుటకు వీలుకానిచో, సంస్థకు తెలిపి, ఫోటో తీసి, పరుపుగుడ్డనుండి తునుక యొకటి కత్తిరించి దాచవలెను. నష్టము పెరుగకుండ చేయు తాత్కాలిక మరమ్మత్తులు చేయవచ్చును, చేయవలెను కూడ. టార్పాలిను కప్పుట, నీరు తోడించుట మున్నగువాని రసీదులు దాచవలెను. శాశ్వతమైన మరమ్మత్తు మాత్రము పరిశీలన ముగియనిదే మొదలిడరాదు. అంతలో మేస్త్రీచేతను, ఎలక్ట్రీషియనుచేతను పనివారీగా అంచనా వ్రాయించి సిద్ధముగ నుంచవలెను.

సర్వేయరు శత్రువు కాడు. అతడు లైసెన్సు పొందిన నష్టపరిశీలకుడు. ఏమి పోయెను, ఏ కారణమున పోయెను, పాలసీకి ఆ కారణము లోబడునా, విలువ యెంత అను నాలుగు ప్రశ్నలకు అతడు సమాధానము వ్రాయవలెను. గృహస్థుని కాగితములు ఆ నాలుగింటికిని జవాబిచ్చినయెడల అతని పని సుకరమగును. ఇచ్చట నొక హెచ్చరిక యవసరము: నష్టమును పెంచి వ్రాయుట, పోని వస్తువును పోయినదనుట, న్యాయమైన హక్కును సైతము చెఱచును. జాబితాలో నొక్క యబద్ధము బయటపడినచో తక్కిన నిజములును అనుమానమునకు గురియగును.

2024 జూనులో బీమా నియంత్రణసంస్థ వెలువరించిన ఉత్తర్వు ననుసరించి, క్లెయిము తెలిపిన 24 గంటలలో సర్వేయరును నియమింపవలెను. అతడు 15 దినములలో నివేదిక యీయవలెను. నివేదిక యందిన 7 దినములలో సంస్థ తన నిర్ణయమును తెలుపవలెను. నిర్ణయము అన్యాయమని తోచినచో మొదట సంస్థకే లిఖితపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. ఒక నెలలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరము కాకున్నను, లక్డీకాపూల్ దగ్గఱ ఏ.సీ. గార్డ్సులోనున్న బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయము నాశ్రయింపవచ్చును. నాంపల్లినుండి అది దూరము కాదు, రుసుము లేదు, వకీలుతో పని లేదు. అచ్చట 50 లక్షల రూపాయల వఱకు పరిహార మిప్పింపగలరు. జిల్లా వినియోగదారుల కమిషను మార్గమును తెఱచియే యున్నది. కాని యీ తలుపులన్నిటి ముందును అడుగు ప్రశ్న యొక్కటే: మీ ఆధార మేది?

ఆ ప్రశ్నకు జవాబు కన్నీటితో చెప్పుటకు వీలులేదు. కాగితముతోను, ఫోటోతోను చెప్పవలెను. కావున పాఠకులకు నా మనవి: వచ్చు వానకాలమునకు ముందే, ఒక ఆదివారపు పూట మీ యిల్లంతయు గదిగదిగా చిత్రించి, బిల్లులు కూర్చి, పాలసీని ఆసాంతము చదివి, అది యెచ్చటనున్నదో యింటిలో మఱియొకరికి చెప్పి యుంచుడు. ఏటేట ప్రీమియము చెల్లించుటతో గృహస్థుని బాధ్యత సగమే తీఱును. తక్కిన సగము ఈ సాక్ష్యమును సిద్ధపఱచుట.