ఫోనునకును చీపురు వలయును

వేకువనే వాకిలి యూడ్చి ముగ్గు పెట్టు మనము చేతి ఫోనులో పేరుకొను చెత్తను మాత్రము ఊడ్వకున్నాము. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటెను. మన పొన్నూరు అచటికి దూరము కాదు. అట్టి దినమున శుభోదయపు బొమ్మల నడుమ హెచ్చరిక మరుగుపడిన, కోసిన వరి తడియుటయే కాదు, ప్రాణములకే ముప్పు.

ఉపాయము సులభము. ఫేస్‌బుక్కున విసుగు పుట్టించు వారిని 'అన్‌ఫాలో' చేయవచ్చును. స్నేహము చెడదు, వారికి కబురును అందదు. 'స్నూజ్' చేసినచో 30 దినములు వారి వ్రాతలు కానరావు. వాట్సాపున బంధువుల గ్రూపును విడువ నక్కరలేదు, 'మ్యూట్' చేసిన చాలును. ముఖ్యమైన గ్రూపును పైన 'పిన్' చేసికొనుడు. మనమును నిజమెరుగని వార్తను ఒరులకు త్రిప్పి పంపరాదు. మన చెత్తను పొరుగింటి వాకిట పోయుదుమా?