బ్యాకప్, పునరుద్ధరణలకు కంప్యూటర్ వనరుల స్వయంచాలక విస్తరణ

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- ఆర్‌పీఓ, ఆర్‌టీఓల తేడాను వివరించగలరు.
- పునరుద్ధరణకు ఎన్ని సర్వర్లు కావాలో లెక్కించగలరు.
- సర్వర్లు పెంచినా ఫలితం ఉండని సందర్భాన్ని గుర్తించగలరు.

1. పరిచయం

2020 అక్టోబరు భారీ వర్షాలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి, బెంగళూరు జాతీయ రహదారి దెబ్బతిన్నది. దానికి సమీపంలోని బుద్వేల్‌లో ఒక కళాశాల ఉన్నదనుకుందాం. విద్యార్థుల మార్కులు, ఫీజుల వివరాలు కింది అంతస్తులోని సర్వర్‌లో ఉన్నాయి. బ్యాకప్ డిస్కు అదే గదిలో, బీరువాలో ఉంది. గదిలోకి నీళ్లు వస్తే రెండూ ఒకేసారి పోతాయి. అందువల్ల కనీసం ఒక నకలు వేరే చోట ఉండాలి.

అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016 జూన్‌లో ముంబయి రీజియన్‌ను, 2022 నవంబరు 22న హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. హైదరాబాద్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లు ఉన్నాయి. ఇప్పుడు మన కళాశాల ఒక నకలును హైదరాబాద్‌లో, మరొకదాన్ని ముంబయిలో ఉంచుకోవచ్చు. సమాచారం దేశం దాటనవసరం లేదు.

2. రెండు కొలతలు

ఎంతసేపటి సమాచారం పోయినా తట్టుకోగలమో తెలిపేది ఆర్‌పీఓ. రోజూ రాత్రి 11 గంటలకు బ్యాకప్ తీస్తున్నారు. మరునాడు సాయంత్రం 5 గంటలకు సర్వర్ పాడైతే 18 గంటల పని పోయినట్లే. అది సమ్మతం కాకపోతే బ్యాకప్‌లు తరచుగా తీయాలి.

ఎంతసేపట్లో పని మళ్లీ మొదలుకావాలో తెలిపేది ఆర్‌టీఓ. ఈ మాట వినగానే మీకు రవాణా కార్యాలయం గుర్తుకు రావచ్చు. ఇక్కడ దాని అర్థం వేరు.

3. ఒక లెక్క

కళాశాల సమాచారం 12 టెరాబైట్లు, అంటే 12,000 గిగాబైట్లు. ఒక సర్వర్ గంటకు 200 గిగాబైట్లు పునరుద్ధరించగలదనుకుంటే 60 గంటలు పడుతుంది. పని సమంగా పంచితే 10 సర్వర్లకు 6 గంటలు చాలు. గంటల లెక్కన అద్దె చెల్లించే చోట మొదటిది 1×60, రెండవది 10×6. రెండూ 60 సర్వర్-గంటలే. ఖర్చు దాదాపు అంతే, కాలం పదోవంతు. సొంతంగా 10 సర్వర్లు కొంటే అవి ఏడాదిలో చాలా రోజులు ఖాళీగా ఉంటాయి. అవసరమైనప్పుడు పెరిగి, తీరగానే తగ్గే ఏర్పాటే స్వయంచాలక విస్తరణ.

4. నియమాలు రాసే పద్ధతి

(అ) చాలామంది ప్రాసెసర్ వినియోగం చూసి సర్వర్లు పెంచుతారు. బ్యాకప్ పనిలో ఎక్కువ కాలం డిస్కు, నెట్‌వర్క్‌ల కోసం ఎదురుచూడటమే. ప్రాసెసర్ తీరికగా కనిపించినా పని పేరుకుపోతుంది. కాబట్టి వరుసలో మిగిలిన పనుల సంఖ్యను చూడండి.

(ఆ) కనిష్ఠ, గరిష్ఠ సంఖ్యలు నిర్ణయించండి. గరిష్ఠం లేకపోతే చిన్న పొరపాటుకు పెద్ద బిల్లు వస్తుంది.

(ఇ) తగ్గించేటప్పుడు జాగ్రత్త. సగం పనిలో ఉన్న సర్వర్‌ను ఆపితే ఆ పని మొదటికి వస్తుంది. చేతిలోని పని ముగిసిన తరువాతే సర్వర్ ఆగేలా నియమం ఉండాలి.

5. విస్తరణకు హద్దు

పునరుద్ధరించిన సమాచారాన్ని బుద్వేల్ కళాశాలకే తెప్పించాలనుకోండి. అక్కడి లైను సెకనుకు 1 గిగాబిట్. పూర్తి వేగంతో నడిచినా గంటకు 450 గిగాబైట్లే వస్తాయి. 12,000 గిగాబైట్లకు దాదాపు 27 గంటలు పడుతుంది. క్లౌడ్‌లో 10 సర్వర్లున్నా 100 ఉన్నా ఇది మారదు. అందువల్ల ముందు క్లౌడ్‌లోనే పని ప్రారంభించి, సమాచారాన్ని తరువాత నింపాదిగా తెచ్చుకోవాలి.

మరొక హద్దు, మీ ఖాతాకు అనుమతించిన సర్వర్ల సంఖ్య. అది 4 అయితే 10 కోరినా రావు. దాన్ని ముందే పెంచుకోండి.

6. సారాంశం

ఆర్‌టీఓ నుంచి సర్వర్ల సంఖ్యను లెక్కించాలి. లైను వేగంతో సరిచూడాలి. ఏటా కనీసం రెండుసార్లు నిజంగా పునరుద్ధరించి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ప్రశ్న: సమాచారం 18,000 గిగాబైట్లు, ఒక్కో సర్వర్ వేగం గంటకు 300 గిగాబైట్లు, ఆర్‌టీఓ 5 గంటలు. ఎన్ని సర్వర్లు కావాలి?

జవాబు: 12. ఒకే సర్వర్ అయితే 60 గంటలు పడుతుంది. 60ని 5తో భాగించాలి. కొత్త సర్వర్లు సిద్ధమవడానికీ కొంత సమయం కావాలి కనుక ఆచరణలో ఒకటి రెండు ఎక్కువ ఉంచుకోవడం మంచిది.