డబ్బా బలం చూడకుండా కార్డు కొంటే...
మెట్‌పల్లి కుర్రకారుకు గ్రాఫిక్స్ కార్డుల తిప్పలు

మెట్‌పల్లి: పసుపు, ఖాదీ, బీడీల ఊరుగా పేరున్న మెట్‌పల్లిలో కంప్యూటర్ ఆటల మోజు ఇళ్లలో కొత్త ఖర్చు తెచ్చిపెట్టింది. నగరంలోని ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత కంప్యూటర్లను తక్కువ ధరకు కొనడం, వాటిలో ఆటలు సాఫీగా నడవడం లేదని గ్రాఫిక్స్ కార్డు కోసం మళ్లీ ఇంట్లో చేయి చాపడం కుర్రాళ్లకు పరిపాటి అయింది. అయితే డబ్బా బలమెంతో చూసుకోకుండా కార్డు కొన్నవారు చేతులు కాల్చుకుంటున్నారు.

పట్టణానికి చెందిన ఓ డిగ్రీ విద్యార్థి అనుభవమే ఇందుకు నిదర్శనం. తండ్రి మస్కట్‌లో కూలి పని చేస్తున్నాడు. తల్లి బీడీలు చుడుతుంది. చదువుకు పనికొస్తుందని కొన్న పాత కంప్యూటర్‌లో నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. జీటీఏ-5 ఆట పెడితే బొమ్మ ఆగి ఆగి కదిలేది. తల్లి చిట్టీ డబ్బుల్లోంచి ఇచ్చిన 7,500 రూపాయలతో ఆ విద్యార్థి హైదరాబాదు వెళ్లి, ఒకరు వాడిన ఆర్ఎక్స్ 580 కార్డు తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి బిగించగానే తెర వెలిగింది. ఆట మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆగింది. కార్డు చెడిపోయినదే అంటగట్టారని బాధపడుతూ బస్టాండు దగ్గరి రిపేరు దుకాణానికి డబ్బా మోసుకెళ్లాడు.

దుకాణదారు మూత విప్పి, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ మీది కాగితం చూపించాడు. దాని మీద 280 వాట్లు అని ఉంది. "తమ్మీ, ఆటో ఇంజనుకు లారీ లోడు కట్టినవు. కార్డు మంచిగనే ఉన్నది. దానికి కరెంటే సాలుత లేదు" అని తేల్చాడు.

వాట్ల లెక్క

లెక్క చూస్తే దుకాణదారు మాట నిజమేనని తెలుస్తుంది. 2017లో వచ్చిన ఆర్ఎక్స్ 580 కార్డు నిండు పనిలో 185 వాట్లు తీసుకుంటుంది. ఆ తరం ఐ5 ప్రాసెసర్ వాటా 84 వాట్లు. ఈ రెండూ కలిస్తేనే 269. మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్కు, ఫ్యాన్లు లెక్కలోకి రానే లేదు. బొమ్మలు తక్కువగా ఉన్నంతసేపు కంప్యూటర్ నడుస్తుంది. ఆటలో భారం పెరగగానే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

కార్డు పెట్టే స్లాటు నుంచి వచ్చేది 75 వాట్లే. అంతకు మించి కావలసిన కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే వైరు రావాలి. ఆరు పిన్నుల వైరు మరో 75 వాట్లు, ఎనిమిది పిన్నుల వైరు 150 వాట్లు ఇస్తాయి. పాత ఆఫీసు డబ్బాల్లో చాలావాటికి ఈ వైర్లు ఉండవు. హార్డ్ డిస్కు వైరుకు అతుకు కలిపి కార్డుకు కరెంటు ఇచ్చేవారున్నారు. దీనివల్ల వైరు వేడెక్కి కరిగిపోయే ప్రమాదముంది.

పోనీ ఎస్‌ఎంపీఎస్‌నే మారుద్దామంటే అక్కడా చిక్కే. మామూలు ఎస్‌ఎంపీఎస్‌కు బోర్డులో గుచ్చే 24 పిన్నుల వైరు ఉంటుంది. కొన్ని కంపెనీల ఆఫీసు డబ్బాల్లో బోర్డుకు అంతకన్నా తక్కువ పిన్నులే ఉంటాయి. కొత్తది బిగించాలంటే ప్రత్యేక వైరు తెప్పించుకోవాలి. ఈ విద్యార్థిదీ అలాంటి డబ్బాయే. చివరకు కార్డును 5,000 రూపాయలకు అమ్ముకుని, మరో 1,500 కలిపి, వేరే వైరు అవసరం లేని పాత జీటీఎక్స్ 1650 కొన్నాడు. 6,500 రూపాయల కార్డుకు 9,000 ఖర్చయింది. బస్సు చార్జీలు దీనికి అదనం.

ఏ డబ్బాకు ఏ కార్డు

వేరే వైరు లేని పాత డబ్బాలకు 75 వాట్ల కార్డులే క్షేమం. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ, 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 ఈ కోవలోనివి. రెండింటికీ 4 జీబీ మెమరీ ఉంటుంది. వీటిలోనూ కొన్ని రకాలకు ఆరు పిన్నుల వైరు కావాలి కనుక కార్డు అంచు చూసి కొనాలి. డబ్బా సన్నపాటిదైతే ఎత్తు తక్కువ కార్డే పడుతుంది. కొనే ముందు స్కేలు పెట్టి కొలుచుకోవడం మేలు.

1050 టీఐ తరం కార్డులకు ఆటల డ్రైవర్లను ఎన్‌విడియా కంపెనీ 2025 అక్టోబరుతో ఆపేసింది. భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం 2028 అక్టోబరు వరకు ఇస్తామని ప్రకటించింది. కాబట్టి ధరలో కొద్ది తేడాయే ఉంటే 1650 వైపు మొగ్గడం లాభం.

మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నవారికి 2021లో వచ్చిన ఆర్ఎక్స్ 6600 లాంటి కార్డు నప్పుతుంది. దీనికి 8 జీబీ మెమరీ ఉంది, తీసుకునేది 132 వాట్లే. అయితే కార్డు ఎంత గొప్పదైనా ప్రాసెసర్ దానికి పని అందించగలగాలి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్-2 వంటి ఆటలు ప్రాసెసర్ మీదే ఎక్కువగా ఆధారపడతాయి. పాత ప్రాసెసర్‌కు పెద్ద కార్డు పెట్టి ఈ ఆటలు ఆడితే పెట్టిన డబ్బుకు తగిన ఫలితం కనిపించదు.

పాత కార్డు కొనేటప్పుడు

ఈ సరుకు కోసం జిల్లా కుర్రాళ్లు చూసేది సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపే. రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. కొన్నది పనిచేయకపోతే మళ్లీ వెళ్లి రావడం తలకు మించిన పని. అందుకే అక్కడే పరీక్షించి తీసుకోవాలి.

2022 సెప్టెంబరు 15 వరకు ఎథీరియం అనే డిజిటల్ నాణేన్ని ఈ కార్డులతోనే తవ్వేవారు. ఆ పద్ధతి మారిపోవడంతో రాత్రింబవళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా బజారుకొచ్చాయి. అవన్నీ పనికిరానివేమీ కావు. కానీ వాటి ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు, చిప్పు మీది పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. డబ్బులిచ్చే ముందు పావుగంట ఆట నడిపించి చూడాలి. తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయా, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయా అని గమనించాలి.

పేరు మార్చి అమ్మే నకిలీలూ ఉన్నాయి. ఎప్పటిదో పాత కార్డులో సాఫ్ట్‌వేర్ మార్చి 1050 టీఐగా చూపిస్తారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే ఇలాంటి మోసం చాలావరకు బయటపడుతుంది. ఆర్ఎక్స్ 580 పేరు పక్కన 2048 ఎస్‌పీ అని ఉంటే అది అసలు 580 కాదు, 570తో సమానమైనదని గుర్తుంచుకోవాలి.

తక్కువ ఖర్చు దారి

కార్డు కొనే ముందు చేసి చూడవలసిన పనులు కొన్ని ఉన్నాయి. 8 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా ఉంటే, దానికి జతగా మరో ముక్క వేస్తే, కార్డు లేని కంప్యూటర్‌లో ఆటల వేగం బాగా పెరుగుతుంది. కార్డు ఉన్నవారు ఆట సెట్టింగుల్లో నీడలు, నునుపు తగ్గించుకోవచ్చు. 2021లో ఏఎండీ విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఆర్ అనే ఏర్పాటు ఆటలో ఉంటే పాత కార్డుల మీదా పనిచేస్తుంది. చిన్న బొమ్మను గీసి పెద్దదిగా చూపించడం దాని పని. ఎండలు 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో వేసవికి ముందు డబ్బాలోని దుమ్ము దులపడం కూడా అవసరమే.

ఆ విద్యార్థి ఇంట్లో ఇప్పుడు జీటీఏ-5 ఆగకుండా నడుస్తోంది. కానీ పోయిన డబ్బు సంగతి తల్లి మరచిపోలేదు. "రెండున్నర వేలు ఊకెనే పోయినయి గద బిడ్డా! గన్ని పైసలకు నేను ఎన్ని దినాలు చాట ముంగట కూసోవాలెనో నీకు ఎరుకేనా?" అని ఆమె అడిగిన మాటకు కొడుకు దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు కార్డు కొంటామని స్నేహితులు ఎవరు సలహా అడిగినా ధర సంగతి తర్వాత అంటున్నాడు. ముందు మూత విప్పి, ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లు రాసి ఉన్నాయో ఫోటో తీసుకుని రమ్మంటున్నాడు.