రూపాయి బిళ్లంత రాగి వాచరు

మా మామ పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం తోలే లారీకి డ్రైవరు. పోయిన వేసవి సెలవుల్లో ఆయనతో తిరిగాను. అప్పుడు నా వల్ల జరిగిన తప్పు, దానివల్ల నేర్చుకొన్న సంగతి రాస్తున్నాను.

లారీ ఇంజను అడుగున ఆయిలు నిలిచే పెద్ద గిన్నె ఉంటుంది. దాన్ని చాంబరు అంటారు. దాని కింద ఉండే బోల్టే డ్రెయిన్ ప్లగ్గు. అది విప్పితే పాత ఆయిలంతా కారిపోతుంది. ఆ బోల్టు తలకూ చాంబరుకూ నడుమ ఒక వాచరు ఉంటుంది. చాలా బండ్లకు రాగిది వేస్తారు. కొన్నిటికి అల్యూమినియంది, ఫైబరుది కూడా ఉంటుంది.

వాచరు ఎందుకు? ఇనుము మీద ఇనుము ఎంత బిగించినా కంటికి కనపడని గీతలు, గుంటలు మిగులుతాయి. కాగిన ఆయిలు పల్చనై ఆ సందుల్లోంచి కారుతుంది. రాగి మెత్తన. బిగిస్తే నలిగి ఆ సందులు మూసేస్తుంది. కానీ ఒకసారి నలిగిన రాగి గట్టిపడిపోతుంది. రెండోసారి సరిగా నలగదు. అందుకే ఆయిలు మార్చినప్పుడల్లా కొత్తది వేయాలి.

ఆ రోజు ఆయిలు మార్చింది మేమే. ప్లగ్గు బిగించింది నేను. పాత వాచరు మడ్డితో చాంబరుకే అతుక్కొని ఉంది. నేను చూసుకోలేదు. దాని మీదే కొత్తది పెట్టి బిగించాను.

మాచర్ల వైపు పోతూ గురజాల దాటి రెంటచింతల దగ్గర టీకి ఆగాం. రెంటచింతల ఎండ సంగతి మీకు తెలిసిందే గదా! దిగి చూస్తే లారీ కింద నల్లటి చుక్కలు. ఆయిలు కొలిచే కడ్డీ తీస్తే కింది గీతకన్నా తక్కువ ఉంది. మామ మొహం మాడిపోయింది. "ఇంజను పట్టేస్తే నా ఆర్నెల్ల జీతం చాలదురా అల్లుడూ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆయన నన్ను కొట్టలేదు. ఇంజను చల్లారినాక మిగిలిన ఆయిలు శుభ్రమైన డబ్బాలో పట్టాడు. ప్లగ్గుతో ఒక వాచరు వచ్చింది, రెండోది గీకితే వచ్చింది. వేరే కొత్తది లేదు. ఒకదాన్ని టీకొట్టు పొయ్యి నిప్పుల్లో ఎర్రగా కాల్చి, నీళ్లలో వేసి, ఇసుకతో రుద్దాడు. ఉక్కును అట్లా చేస్తే గట్టిపడుతుంది. రాగి మాత్రం మళ్లీ మెత్తబడుతుంది! అదే వేసి బిగించి, డబ్బాలో ఆయిలు పోసి, తగ్గినంత కొత్త ఆయిలు కొని కలిపాడు. చుక్క కారలేదు.

గుర్తుంచుకోవలసినవి:

1. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడే ఆయిలు దించాలి. సలసల కాగుతుంటే చేతులు బొబ్బలెక్కుతాయి.

2. పాత వాచరు ఊడిందా లేదా వేలితో తడిమి చూడాలి. ఆ చోటు గుడ్డతో తుడవాలి.

3. ముందు చేత్తో తిప్పి, తరవాతే స్పానరు పెట్టాలి. బలముంది గదా అని బిగిస్తే మరలు పోతాయి.

4. ఇంజను కాసేపు తిప్పి, ఆపి, కింద చూడాలి. కడ్డీ తీసి కొలవాలి.

5. పాత ఆయిలు కాలవలో, చేలో పోయకూడదు. నీళ్లూ నేలా పాడవుతాయి.

మన తొట్టి దగ్గర కుళాయి కూడా రాత్రంతా కారుతోంది. దానిలోనూ రబ్బరు వాచరే అరిగి ఉంటుంది. వార్డెను గారు కొత్తది తెప్పిస్తే బిగించే పని నాది. ఈసారి పాతది తీసే బిగిస్తాను!

– 9వ తరగతి విద్యార్థి