అంతరిక్షంలో.. నిదానమే ప్రధానం

ఎనిమిది ఎపిసోడ్లు.. ఇద్దరు కథానాయకులు ఒకరికొకరు ఎదురుపడటానికి పట్టిన సమయమిది. మన సీరియళ్లలో సాగదీత అంటే ఒకే చెంపదెబ్బను మూడు వైపుల నుంచి చూపించడం. సైన్స్‌ ఫిక్షన్‌ సీరియల్‌ ‘ది ఎక్స్‌పాన్స్‌’లో సంగతి అది కాదు. ఇక్కడ కథ మెల్లగా నడుస్తుంది గానీ ఆగదు. సన్నటి సెగ మీద పాలలా కాగుతూనే ఉంటుంది. పొంగే వేళకు ప్రేక్షకుడు కదల్లేడు.

అమెరికాలోని సైఫై ఛానల్‌లో 2015 డిసెంబరులో మొదలైన ఈ సీరియల్‌ 2022 జనవరిలో ముగిసింది. ఆరు సీజన్లు, మొత్తం 62 ఎపిసోడ్లు. మూలం జేమ్స్‌ ఎస్‌.ఎ.కోరీ నవలలు. ఆ పేరుతో మనిషి లేడు. డేనియల్‌ అబ్రహం, టై ఫ్రాంక్‌ కలిసి పెట్టుకున్న కలం పేరది. మార్క్‌ ఫెర్గస్‌, హాక్‌ ఆస్ట్‌బీ దీన్ని బుల్లితెరకు మలిచారు. రచన బృందాన్ని నడిపించిన వారిలో నరేన్‌ శంకర్‌ ముఖ్యుడు. భారత సంతతికి చెందిన ఆయన కార్నెల్‌ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్‌ చేసి, టీవీ రచనలోకి వచ్చారు.

అవసరాల అనే ఆవిడ
కథాకాలం ఇప్పటికి కొన్ని వందల ఏళ్ల తర్వాత. భూమి ఐక్యరాజ్యసమితి పాలనలో ఉంటుంది. అంగారకుడు సైనిక బలమున్న స్వతంత్ర దేశం. ఈ ఇద్దరి మధ్య నలిగేది గ్రహశకలాల్లో పుట్టి పెరిగిన బెల్టర్లు. గనులు తవ్వేదీ, మంచు మోసేదీ వాళ్లే. నీటికి, గాలికి కటకటలాడేదీ వాళ్లే.

ఐరాసలో చక్రం తిప్పే నాయకురాలి పేరు క్రిస్‌జెన్‌ అవసరాల. అవసరాల అన్నది మన తెలుగిళ్లలో ఉన్న ఇంటిపేరే! ఇరాన్‌లో పుట్టిన నటి షోరే అగ్దష్లూ చీరకట్టులో, బొంగురు గొంతుతో ఆ పాత్రను పండించారు. మొదటి ఎపిసోడ్‌లో ఆమె మనవడితో ఆడుకుంటూ కనిపిస్తుంది. కాసేపటికే ఒక బెల్టర్‌ ఖైదీని విచారిస్తుంది. అక్కడ కొట్టడాలు ఉండవు. అతణ్ని భూమ్మీద వేలాడదీస్తారంతే. తక్కువ బరువులో పెరిగిన ఒంటికి భూమి ఆకర్షణే చిత్రహింస. ఈమె మంచిదా, చెడ్డదా? సీరియల్‌ వెంటనే తీర్పు చెప్పదు. కొడుకును యుద్ధంలో పోగొట్టుకున్న తల్లి అని తర్వాత తెలుస్తుంది. అయినా చేసిన పని మాసిపోదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి.

చూడని పిల్లపై ప్రేమ
సీరస్‌ కేంద్రంలో మిల్లర్‌ అనే డిటెక్టివ్‌. చేతులు తడిపితే చూసీచూడనట్లు పోయే రకం. భూమి వాళ్ల కంపెనీకి పోలీసు పని చేస్తాడని సొంతవాళ్లకే లోకువ. జూలీ మావో అనే కోటీశ్వరుడి కూతురు కనిపించడం లేదు, వెతికి ఇంటికి పంపమని పని అప్పగిస్తారు. ఆమె గది చూస్తాడు. ఉత్తరాలు వింటాడు. తండ్రి ఆస్తిని కాదని బెల్టర్ల పక్షాన నిలిచిన అమ్మాయని తెలుసుకుంటాడు. ఒక్కసారైనా చూడని ఆ పిల్లపై మనసు పారేసుకుంటాడు.

మరోవైపు మంచు మోసే ఓడలో హోల్డెన్‌. ఆపదలో ఉన్నామంటూ వచ్చిన పిలుపును అందరూ వదిలేద్దామంటే, అతను గుట్టుగా రికార్డుల్లోకి ఎక్కిస్తాడు. ఇక వెళ్లక తప్పదు. ఫలితంగా ఓడే పేలిపోతుంది. ప్రాణాలతో మిగిలేది కొద్దిమంది. ఈ రెండు దారులూ ఎనిమిదో ఎపిసోడ్‌లో ఈరోస్‌లోని ఓ లాడ్జిలో కలుస్తాయి. అక్కడ దొరికేది జూలీ శవం. ఇదే రెండో ఎపిసోడ్‌లో జరిగుంటే అదో శవం, అంతే. ఎనిమిదో దానికొచ్చేసరికి మనకు తెలిసిన పిల్ల పోయినట్లు ఉంటుంది. నిదానం కొనిచ్చేది ఇదే. సంఘటన ఎవరైనా రాస్తారు. అది తగలాలంటే ముందు మనిషి పరిచయం కావాలి.

ఒక్క క్షణానికి 29 ఎపిసోడ్లు
ఆమోస్‌ అనే మెకానిక్‌ మొదటి ఎపిసోడ్‌ నుంచీ ఉంటాడు. బాల్టిమోర్‌ వీధుల్లో నరకం చూసి పెరిగినవాడు. ఏది తప్పో, ఏది ఒప్పో తనకు అందదని వాడికే తెలుసు. అందుకే ఇంజినీరు నవోమి మాట వింటాడు. రెండో సీజన్‌లో ప్రాక్స్‌ అనే మొక్కల శాస్త్రవేత్త వస్తాడు. తప్పిపోయిన కూతురి కోసం వెతికే మెతక మనిషి. మూడో సీజన్‌ ఆరో ఎపిసోడ్‌లో, అంటే మొత్తమ్మీద 29వ దాంట్లో, పాపను ఎత్తుకెళ్లిన డాక్టర్‌ అతనికి చిక్కుతాడు. ప్రాక్స్‌ తుపాకీ ఎత్తుతాడు. అది నీ పని కాదని ఆమోస్‌ నచ్చజెప్పి బయటకు పంపుతాడు. డాక్టర్‌ బతికానని ఊపిరి పీల్చుకుంటాడు. ఆ పని తనదేనని ఆమోస్‌ తుపాకీ పేలుస్తాడు. అది దయో, క్రౌర్యమో చెప్పలేం. రెండు సీజన్లుగా వాణ్ని చూస్తున్నాం కాబట్టే గొంతులో ముద్ద అడ్డం పడుతుంది.

దూరం అబద్ధమాడదు
ఈ నడకకు శాస్త్రం కూడా ఓ కారణం. ఇక్కడి ఓడల్లో మీట నొక్కితే వచ్చే బరువు ఉండదు. ఇంజిన్‌ తోస్తేనే కాళ్లు నేలకు ఆనతాయి. సగం దారిలో ఓడను వెనక్కి తిప్పి, వేగం తగ్గించుకుంటూ పోవాలి. కబురు చేరడానికీ సమయం పడుతుంది. ఇరుకు ఓడలో నలుగురు రోజుల తరబడి కలిసుండాలి. మాటలు, అలకలు, రాజీలు అక్కడే పుడతాయి.

బెల్టర్ల భాష సరిహద్దు జిల్లాల వాళ్లకు ఇట్టే పట్టుబడే విషయం. భాషావేత్త నిక్‌ ఫార్మర్‌ పలు భాషల మాటలు కలిపి దాన్ని అల్లారు. సొంతవాళ్లు ‘బెల్టలౌడా’, లోపలి గ్రహాల వాళ్లు ‘ఇన్యాలౌడా’. స్పేస్‌సూట్‌లో ముఖం కనబడదు కాబట్టి తలాడించడానికి బదులు చేతులతో సైగలు. ఎదుటివాణ్ని బట్టి మాట మార్చుకుంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడేవాళ్లకు ఇది వింతేం కాదు.

ఓపికకూ లెక్కుంది
‘లెవయథన్‌ వేక్స్‌’ ఎపిసోడ్‌కు 2017లో హ్యూగో అవార్డు వచ్చింది. అయినా 2018 మే నెలలో సైఫై ఛానల్‌ సీరియల్‌ను ఆపేసింది. ప్రసార సమయంలోనే చూసేవారి సంఖ్య మీద ఆ ఛానల్‌ లెక్క నడిచింది. తీరిగ్గా తర్వాత చూసేవాళ్లు అందులోకి రాలేదు. అభిమానులు ఊరుకోలేదు. చందాలేసుకుని అమెజాన్‌ స్టూడియో మీదుగా బ్యానర్‌ కట్టిన విమానం ఎగరేశారు. ఆ నెలాఖరుకే అమెజాన్‌ ముందుకొచ్చింది. మరో మూడు సీజన్లు వచ్చాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటి నాలుగు ఎపిసోడ్లలో పేర్లు, పక్షాలు కలగాపులగంగా ఉంటాయి. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. చివరి సీజన్‌కు ఆరు ఎపిసోడ్లే ఇవ్వడంతో తొందర కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. లాకోనియా గ్రహం కథ మొదలై అలాగే మిగిలిపోయింది. తొమ్మిది నవలల్లో చివరి మూడు తెరకెక్కలేదు. నిదానం విలువేమిటో ఆ తొందరే చెబుతోంది. కొత్తగా చూసేవారికి ఒకటే మాట.. నాలుగో ఎపిసోడ్‌ దాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత ఆపమన్నా ఆపరు.